పెట్టె ఒకరిది... తెరలు ఇద్దరివీ!

అబ్బాయికి గేమ్స్ ఆడుకునే కంప్యూటర్ కావాలి. అమ్మాయికి ఆఫీసు పని చేసుకోవడానికి రెండు తెరలు కావాలి. నాన్న దగ్గరున్నది మాత్రం ఒకే ఒక్క చీటీ డబ్బు. దాంతో ఇద్దరి అవసరమూ తీరుతుందా? తీరుతుంది... కాకపోతే దుకాణం మెట్లెక్కే ముందు కాస్త లెక్క చూసుకోవాలి.

ఆదివారం. టిఫిన్లు అయిపోయాయి. డైనింగ్ టేబుల్ మీద ఓ కాగితం. పైన కంప్యూటర్ దుకాణం పేరు, కింద పది వరుసలు, చివర అడ్డగీత కింద మొత్తం... 85,000!

‘‘ఎనభై అయిదు వేలా? ఇంకాస్త కలిపితే స్కూటీ వస్తుంది కదరా!’’ అంది అమ్మ.

‘‘ఎలాగూ ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ కావాలి కదమ్మా...’’ ఇంటర్ పూర్తిచేసిన పుత్రరత్నం సమాధానం సిద్ధంగానే ఉంది.

‘‘మరి నా సంగతేంటి నాన్నా? వారంలో మూడ్రోజులు ఇంటి నుంచే పని. ల్యాప్‌టాప్ మీదికి వంగి వంగి మెడ పట్టేస్తోంది. రెండు మానిటర్లు ఉంటే ఎంత బావుంటుందో’’ అంది అక్క.

నాన్న ఏమీ మాట్లాడలేదు. లక్ష రూపాయల చీటీ పాడితే మొన్ననే చేతికొచ్చింది తొంభై వేలు. ఆ కాగితాన్ని పైనుంచి కిందకి రెండుసార్లు చదివాడు. తర్వాత నింపాదిగా ఓ ప్రశ్న వేశాడు.

‘‘ఇంతకీ ఇందులో మానిటర్ ఏదిరా?’’

నిజమే! 85 వేల కొటేషన్‌లో మానిటర్ లేదు. ఉన్నదల్లా పెట్టె మాత్రమే.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. కాలేజీలు తెరిచే రోజుల్లో ఏ ఊళ్లో చూసినా ఇలాంటి పంచాయతీలే. పిల్లలు స్నేహితులు చెప్పిన పేర్లు రాసుకొస్తారు. దుకాణదారు తన దగ్గర నిలవ ఉన్న సరుకు కలుపుతాడు. పెద్దవాళ్లకు ఆ పేర్లేవీ అర్థం కావు. అడిగితే పిల్లలు నవ్వుతారేమోనని ఊరుకుంటారు. తీరా డబ్బు కట్టి ఇంటికి తెచ్చాక తెలుస్తుంది... కావాల్సిన చోట తక్కువ పెట్టాం, అక్కర్లేని చోట ఎక్కువ పోశాం అని!

తెర నుంచి మొదలుపెట్టాలి

కంప్యూటర్ కొనేవాళ్లలో ఎక్కువమంది ముందు ప్రాసెసర్ పేరు చెబుతారు. మానిటర్‌ని ఆఖర్లో, మిగిలిన డబ్బుతో కొంటారు. ఆటల కోసమైనా, ఎక్కువ తెరల కోసమైనా వరుస దీనికి తిరగేసి ఉండాలి. ముందు తెర ఖాయం చేసుకోవాలి. ఆ తెరకు సరిపడా గ్రాఫిక్ కార్డు. ఆ కార్డుకి తగ్గ ప్రాసెసర్. అన్నిటికీ కలిపి సరిపోయే ఎస్‌ఎంపీఎస్.

ఎందుకంటే... తెర మీద కనిపించే బొమ్మంతా చిన్నచిన్న చుక్కల ముగ్గు. ఫుల్ హెచ్‌డీ మానిటర్లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు. క్యూహెచ్‌డీ అనే 2560-1440 రకంలో దాదాపు 37 లక్షలు. 4కె అయితే దాదాపు 83 లక్షలు. అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు!

అక్కడితో అయిపోలేదు. ఆ బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందనేది మరో లెక్క. దాన్నే రిఫ్రెష్ రేట్ అంటారు, హెర్జ్‌లలో చెబుతారు. మామూలు ఆఫీసు మానిటర్ 60 హెర్జ్. గేమింగ్ మానిటర్లు 144, ఇంకా ఆ పైన కూడా ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ తెర మీద సెకనుకు 60 బొమ్మలు గీయాలంటే పన్నెండున్నర కోట్ల చుక్కలకు రంగు వేయాలి. క్యూహెచ్‌డీ తెర మీద 144 బొమ్మలు కావాలంటే 53 కోట్లు. పని నాలుగు రెట్లకు పైనే పెరిగిందన్నమాట. చూడ్డానికి రెండూ మానిటర్లే. కానీ, వాటి వెనక పనిచేయాల్సిన కార్డు ఖరీదులో మాత్రం బోలెడంత తేడా.

అందుకే ‘ఏ ప్రాసెసర్ మంచిది?’ అని అడగడం కన్నా ‘మావాడు ఏ ఆట, ఏ తెర మీద ఆడతాడు?’ అని అడగడం మేలు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి ఓ మాదిరి కార్డుతో ఫుల్ హెచ్‌డీలో చకచకా నడుస్తాయి. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటలకైతే అదే కార్డు ఆయాసపడుతుంది. 2024 డిసెంబరులో విడుదలైన ఇండియానా జోన్స్ ఆట సంగతి మరీనూ... వెలుగునీడల్ని సహజంగా చూపించే రే ట్రేసింగ్ సదుపాయం కార్డులో లేకపోతే అసలు మొదలే కాదు.

పనికి వేరు... ఆటకి వేరు

ఎక్కువ తెరలనగానే చాలామంది భయపడేది గ్రాఫిక్ కార్డు గురించే. ఇక్కడే ఓ తేడా తెలియాలి.

అక్క కోరిక చూడండి. ఓ తెర మీద ప్రోగ్రామ్, పక్క తెర మీద మెయిల్, మీటింగ్. ఇవి కదలకుండా ఉండే బొమ్మలు. రెండు మూడు తెరల మీద వీటిని చూపించడానికి ఇవాళ్టి ప్రాసెసర్లలో ఉండే మామూలు గ్రాఫిక్సే ఎక్కువ. విడిగా కార్డు కొనాల్సిన పనే లేదు.

అదే ఒకే ఆటని మూడు తెరల మీద పరిచి ఆడాలంటే మాత్రం సంగతి వేరు. మూడు ఫుల్ హెచ్‌డీ తెరలంటే 62 లక్షల చుక్కలు. 4కె తెరలో ముప్పాతిక వంతు. దానికి తగ్గట్టే కార్డూ బరువైనది కావాలి. పైగా మూడు తెరలూ ఒకే సైజు, ఒకే రకం అయితేనే బొమ్మ అతికినట్లు కుదురుతుంది. కారు రేసులూ విమానాలు నడిపే ఆటలకు ఇది అద్భుతం. ఎడమా కుడీ కిటికీల్లోంచి చూస్తున్నట్లే ఉంటుంది. అయితే అన్ని ఆటలూ ఇలా విస్తరించవు. తుపాకీ ఆటల పోటీలకు వెళ్లేవాళ్లయితే 24, 25 అంగుళాల వేగమైన తెర ఒక్కటే పెట్టుకుంటారు. మెడ తిప్పే వ్యవధి కూడా ఉండదు మరి!

ఇంకో మధ్యేమార్గమూ ఉంది. ఆట ఒక తెర మీద, పక్క తెర మీద స్నేహితులతో కబుర్లో పాటలో. దీనికి ప్రత్యేకంగా పెద్ద కార్డు అక్కర్లేదు. కుర్రాళ్లలో ఎక్కువమందికి నిజంగా కావాల్సింది ఇదే.

ఒక కంప్యూటర్‌కి చాలా తెరలన్న ఆలోచన కొత్తదేం కాదు. ఇళ్లలో వాడే విండోస్‌లో ఆ సదుపాయం విండోస్ 98తోనే వచ్చింది. ఒకే కార్డు మీద రెండు తెరలు నడిపే ‘డ్యుయల్ హెడ్’ని కెనడాకు చెందిన మ్యాట్రాక్స్ సంస్థ 1999లో జీ400 కార్డుతో తీసుకొచ్చింది. మూడు తెరల మీద ఆట ఆడించే పార్హీలియాని 2002లో విడుదల చేసింది. 2009లో ఏఎండీ ‘ఐఫినిటీ’తో అది మరింతమందికి అందింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే గేమింగ్ కార్డుల్లో చాలావరకూ నాలుగు తెరల దాకా నడుపుతాయి. అంటే తెరలు తగిలించడం సమస్య కాదు, వాటి మీద ఏం నడుపుతామన్నదే సమస్య!

వంట మేస్త్రీ... వెయ్యిమంది సహాయకులు

ప్రాసెసర్ ఉండగా మళ్లీ గ్రాఫిక్ కార్డు ఎందుకు? పెళ్లివంట గుర్తుచేసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ప్రాసెసర్ వంట మేస్త్రీ లాంటిది. ఏది ముందు, ఏది వెనక, ఎందులో ఎంత ఉప్పు... అన్నీ తనే చూస్తాడు. కానీ, వెయ్యి వంకాయలు తరగాలంటే మేస్త్రీ ఎంత నేర్పరైనా లాభంలేదు. కత్తిపీటలు పట్టుకున్న సహాయకులు కావాలి. గ్రాఫిక్ కార్డు ఆ సహాయకుల దండు. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 అనే మధ్యతరగతి కార్డులో చిన్నచిన్న లెక్కలు చేసే కోర్‌లు 3,072. లక్షల చుక్కల్ని పంచుకుని ఒకేసారి రంగులు వేసేస్తాయి.

ఈ దండు ఎంత వేగంగా పెరిగిందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ వారి వూడూ కార్డు వచ్చినప్పుడు అది త్రీడీ బొమ్మలు మాత్రమే గీసేది. మామూలు పనికి పక్కన ఇంకో కార్డు ఉండాల్సిందే. 1999లో ఎన్‌విడియా జీఫోర్స్ 256ని తెచ్చి, దానికి ‘ప్రపంచంలోనే మొట్టమొదటి జీపీయూ’ అని ప్రచారం చేసుకుంది. దాని మెమొరీ 32 ఎంబీ. ఇప్పటి ఓ మాదిరి కార్డుకి ఉండేది 8 జీబీ... సరిగ్గా 256 రెట్లు! అయినా సరిపోవడం లేదన్న ఫిర్యాదు వినిపిస్తూనే ఉంది.

కార్డు మెమొరీని వంటింటి గట్టు అనుకోవచ్చు. గట్టు ఇరుకైతే ఒక్కో గిన్నె కోసం మాటిమాటికీ స్టోర్‌రూమ్‌కి పరుగెత్తాలి. ఆటలో అది బొమ్మ ఆగి ఆగి కదలడంలా కనిపిస్తుంది. ఫుల్ హెచ్‌డీలో మామూలు ఆటలకైతే 8 జీబీతో సర్దుకోవచ్చు. క్యూహెచ్‌డీ, మూడు తెరలు, లేదా నాలుగైదేళ్లు మార్చకుండా వాడాలన్న ఆలోచన ఉంటే 12 జీబీ, ఆ పైన చూడాలి. అయితే మెమొరీ అంకె ఒక్కటే చూసి మోసపోకూడదు. బలహీనమైన కార్డుకి ఎక్కువ మెమొరీ పెట్టి అమ్మడమూ ఉంది. గట్టు పెద్దదైనా సహాయకులు లేకపోతే వంటవుతుందా?

మరి ఆ కొటేషన్‌లో ఏముంది? ఖరీదైన ప్రాసెసర్‌కి 30 వేలు. రంగురంగుల లైట్ల క్యాబినెట్‌కీ ఫ్యాన్లకీ కలిపి 9 వేలు. ఆటల కోసం కొంటున్న కంప్యూటర్‌లో అసలు పని చేసే గ్రాఫిక్ కార్డుకి 16 వేలు. ఎస్‌ఎంపీఎస్ ఎదురుగా 1,500. మేస్త్రీకి పట్టుబట్టలు పెట్టి, సహాయకుల్ని ఇద్దర్నే పిలిచారన్నమాట!

ధరలు వారానికోలా మారుతుంటాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో కొన్నవాళ్లకి తెలుసు. అందుకే రూపాయల కన్నా వాటాలు గుర్తుంచుకోవడం మంచిది. మానిటర్ సంగతి పక్కనపెడితే, గేమింగ్ పెట్టెకి పెట్టే డబ్బులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా గ్రాఫిక్ కార్డుకి కేటాయించాలి. ప్రాసెసర్‌కి అందులో సగం, లేదా కాస్త ఎక్కువ. ఇది చాలా ఇళ్లకు సరిపోయే మోటు లెక్క.

చిన్న అక్షరం... పెద్ద తేడా

ప్రాసెసర్ పేరు చివరనుండే అక్షరాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంటెల్ ప్రాసెసర్ అంకెల చివర ‘ఎఫ్’ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండవని అర్థం. ధర కొంచెం తక్కువ. విడిగా కార్డు కొనేవాళ్లకి ఇబ్బంది లేదు. కానీ, ‘ఇప్పటికి పెట్టె కొందాం, కార్డు ఆర్నెల్ల తర్వాత చూద్దాం’ అనుకుని ఎఫ్ రకం తెచ్చుకున్నారో... తెర మీద ఏమీ కనిపించదు! ఏఎండీలో రైజెన్ 5000 వరసలో పేరు చివర ‘జీ’ ఉన్నవాటికే సొంత గ్రాఫిక్స్ ఉంటాయి. 7000 వరస నుంచి చాలావాటికి ఉన్నాయి, ఎఫ్ అని ఉన్నవాటికి తప్ప.

దీనికి తోడు మరో తమాషా పొరపాటు. వేలు పోసి కార్డు కొంటారు. ఇంటికొచ్చాక మానిటర్ వైరుని తీసుకెళ్లి మదర్‌బోర్డుకి ఉన్న పోర్టులో గుచ్చుతారు. బొమ్మ వస్తుంది కాబట్టి అనుమానం రాదు. కార్డు ఓ మూల ఖాళీగా కూర్చుంటే, ఆట ప్రాసెసర్లోని గ్రాఫిక్స్‌తో కుంటుతుంటుంది. పెట్టె వెనక కింది భాగంలో అడ్డంగా ఉండే పోర్టులు కార్డువి. మానిటర్ వైరు అక్కడే పెట్టాలి.

ర్యామ్ విషయంలోనూ అంతే. 16 జీబీ కావాలనుకున్నప్పుడు ఒకే పలక కన్నా 8 జీబీవి రెండు వేస్తే ప్రాసెసర్‌కి రెండు దారులు తెరిచినట్లవుతుంది. ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. ఇక హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. కొన్ని ఆటలు ఒక్కొక్కటే 100 జీబీ దాటుతున్నాయి కాబట్టి వీలైతే 1 టీబీ తీసుకోవడం నయం.

పదిహేను వందల పిసినారితనం

కొటేషన్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన వరుస ఏదంటే... 1,500 రూపాయల ఎస్‌ఎంపీఎస్. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని పెట్టెలోని భాగాలకు తగ్గట్టు మార్చి పంచేది అదే. పైన ‘500 వాట్స్’ అని రాసున్నా ఊరూపేరూ లేని సరుకు నిజంగా అంత ఇస్తుందన్న నమ్మకం లేదు. ఆట మధ్యలో కంప్యూటర్ దానంతటదే ఆగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అదృష్టం బాగోకపోతే పోతూ పోతూ మదర్‌బోర్డునీ కార్డునీ వెంట తీసుకుపోతుంది.

అలాగని వెయ్యి వాట్లది కొనాల్సిన పనీ లేదు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు తీసుకునేది 115 వాట్లు. దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలని తయారీ సంస్థే చెబుతోంది. అదే 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090కి 575 వాట్లు కావాలి. సిఫార్సు చేసే ఎస్‌ఎంపీఎస్ 1,000 వాట్లు. మంచి కంపెనీది, ‘80 ప్లస్’ ముద్ర ఉన్నది, అయిదేళ్లకు తగ్గకుండా వారంటీ ఇచ్చేది చూసుకుంటే కార్డు మార్చినా ఎస్‌ఎంపీఎస్ మార్చక్కర్లేదు.

యూపీఎస్ కొనేటప్పుడూ ఓ మెలిక ఉంది. దాని మీద 600 వీఏ అని రాసుంటే 600 వాట్లు అనుకుంటారు. సాధారణంగా అది ఇచ్చేది 360 వాట్ల వరకే. రెండు మానిటర్లు, ఆటతో వేడెక్కిన పెట్టె కలిస్తే దానికి కష్టమే. కరెంటు పోగానే యూపీఎస్ కుయ్యిమని కూసి కంప్యూటర్‌తో పాటే పడుకుంటుంది. పెట్టె, మానిటర్లు కలిపి ఎన్ని వాట్లో కూడుకుని, దానికన్నా ఎక్కువ ఇచ్చేది తీసుకోవాలి.

అమ్మ అడిగే ప్రశ్న మరొకటుంది... కరెంటు బిల్లు! ఆట ఆడేటప్పుడు పెట్టె, తెరలు కలిపి 350 వాట్లు అనుకుంటే, రోజుకి మూడు గంటలకు ఒక యూనిట్ పైచిలుకు. నెలకు 30 యూనిట్ల దాకా. యూనిట్లు తక్కువే అనిపించవచ్చు. కానీ, మనకున్నది శ్లాబుల పద్ధతి. ఆ ముప్పైతో పై శ్లాబులోకి జారితే బిల్లు ఇంకాస్త బరువెక్కుతుంది. అంతేకాదు, ఆ వాట్లన్నీ చివరికి వేడిగా గదిలోకే వస్తాయి. విజయవాడ, రామగుండం ఎండల్లో తలుపులు మూసిన గదిలో ఈ పెట్టె పెడితే చిన్న హీటర్ పెట్టినట్లే. మరీ వేడెక్కితే కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తుంది. కాబట్టి క్యాబినెట్‌కి లైట్లు ఎన్నున్నాయో కాదు, ముందువైపు గాలి దూరే జాలీ ఉందో లేదో చూడాలి. ముందంతా అద్దంతో మూసేసినవి చూపులకే అందం. దాన్ని గోడకి ఆనించకుండా, నేల మీది దుమ్ముకి దూరంగా పెట్టాలి.

తీగల తిరకాసు

అక్క సమస్యకి వద్దాం. ఒకే పెట్టె కొని ఇద్దరూ పంచుకుంటే పోలేదా అన్నది నాన్న మొదటి ఆలోచన. కుదరదు. చాలా కంపెనీలు ఆఫీసు పని తాము ఇచ్చిన ల్యాప్‌టాప్ మీదే చేయాలంటాయి. ఆటలున్న ఇంటి కంప్యూటర్లో ఆఫీసు ఫైళ్లు పెట్టనివ్వవు. అంటే పెట్టెని పంచుకోలేరు. కానీ... తెరల్ని పంచుకోవచ్చు!

ఇప్పటి మానిటర్లలో చాలావాటికి వెనక కనీసం రెండు పోర్టులు ఉంటాయి. హెచ్‌డీఎంఐకి ల్యాప్‌టాప్, డిస్‌ప్లేపోర్టుకి అబ్బాయి పెట్టె తగిలించి ఉంచితే సరి. పగలు ఆఫీసు, సాయంత్రం ఆట. మారడానికి మానిటర్ కింద ఉన్న మీట నొక్కడమే. వైర్లు పీకి పెట్టక్కర్లేదు.

అయితే కొనేముందు ల్యాప్‌టాప్ ఎన్ని బయటి తెరల్ని నడపగలదో తెలుసుకోవాలి. హెచ్‌డీఎంఐ పోర్టుతో ఒకటి ఖాయం. రెండోది టైప్-సీ నుంచి తీసుకోవాలంటే ఆ పోర్టు బొమ్మని పంపే రకమై ఉండాలి. చూడ్డానికి ఒకేలా ఉన్నా కొన్ని టైప్-సీ పోర్టులు చార్జింగ్‌కీ డేటాకీ మాత్రమే పనికొస్తాయి. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ అయితే మామూలుగా ఒక్క బయటి తెరనే ఒప్పుకుంటుంది. అలాంటివాళ్ల కోసం యూఎస్‌బీకి తగిలించే డిస్‌ప్లేలింక్ డాక్‌లు ఉన్నాయి. ఆఫీసు పనికి అవి బాగానే ఉంటాయి, ఆటలకు మాత్రం పనికిరావు.

ఇంకో చిక్కు... పాత తీగలు. హెచ్‌డీఎంఐ 1.4 రకం 4కె బొమ్మని సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు. మౌస్ కదిపితే వెనకబడినట్లు ఉంటుంది. 2.0 రకం 60 సార్లు, 2.1 రకం 120 సార్లు పంపగలవు. గేమింగ్ మానిటర్‌ని డిస్‌ప్లేపోర్టుకి తగిలించడం ఉత్తమం. కార్డుకున్న డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐ మానిటర్‌కి చవక అడాప్టర్ సాధారణంగా చాలు. దీనికి రివర్సులో, అంటే హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్టుకి వెళ్లాలంటే మాత్రం కరెంటుతో పనిచేసే ఖరీదైన కన్వర్టర్ కావాలి. ఈ సంగతి తెలియక వైర్లు మార్చుకోవడానికి దుకాణం చుట్టూ తిరిగేవాళ్లున్నారు.

టేబుల్‌నీ కొలవాలి

24 అంగుళాల మానిటర్ అంటే మూల నుంచి మూలకి కొలత. వెడల్పు దాదాపు 53 సెంటీమీటర్లు. రెండు పెడితే మూడున్నర అడుగులు. మూడు పెడితే అయిదు అడుగుల పైమాటే. ఇంట్లో ఉన్న కంప్యూటర్ టేబుల్ మూడడుగులదైతే మానిటర్ ఖర్చుకి టేబుల్ ఖర్చు తోడవుతుంది. వెనకవైపు స్క్రూ బిగించే నాలుగు రంధ్రాలున్న మానిటర్ అయితే టేబుల్ అంచుకి బిగించే చేతుల మీద నిలబెట్టొచ్చు. రెండోదాన్ని నిలువుగా తిప్పి పెట్టుకుంటే చోటూ కలిసొస్తుంది, పొడవాటి ఫైళ్లు చదవడానికీ వీలుగా ఉంటుంది.

మెడ, కళ్ల సంగతీ మరవకూడదు. తెర పై అంచు కంటి ఎత్తులో, చేయి చాపినంత దూరంలో ఉండాలి. ఎక్కువసేపు చూసే తెర ఎదురుగా, రెండోది పక్కన కాస్త లోపలికి తిప్పి పెట్టుకోవాలి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువుని ఇరవై సెకన్లు చూడటం కళ్లకు విశ్రాంతి. ఆట మధ్యలో గుర్తుండదు... పెద్దవాళ్లే గుర్తుచేయాలి.

సెకండ్ హ్యాండ్ సంగతి

సగం ధరకే వస్తుందంటే ఎవరికైనా ఆశే. 2020, 2021ల్లో గ్రాఫిక్ కార్డులు దొరకడమే గగనమైంది. క్రిప్టో కరెన్సీ ‘తవ్వకాల’ కోసం వాటిని గుత్తగా కొనేశారు. 2022 సెప్టెంబరులో ఇథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో ఆ తవ్వకం ఆగింది. రాత్రింబవళ్లు నడిచిన ఆ కార్డులు పాత సామాన్ల మార్కెట్‌కి చేరాయి. అన్నీ చెడ్డవని కాదు. కానీ, ఎదురుగా ఆట నడిపించి, అరగంట చూసి, వారంటీ ఎంత మిగిలిందో కనుక్కోకుండా డబ్బు ఇవ్వకూడదు. పాత పెట్టె మొత్తంగా కొనేవాళ్లు ఇంకోటి గమనించాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి అర్హత లేని పాత యంత్రం ఎంత చవగ్గా వచ్చినా బేరం కాదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్... అందరి నోటా సీటీసీ. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్ ఎలాగో మనకదలాగ. అక్కడైనా, ఊళ్లో దుకాణమైనా, ఆన్‌లైన్ అయినా పద్ధతి ఒకటే. కనీసం మూడు చోట్ల అడగాలి. ‘16 జీబీ ర్యామ్, 500 వాట్స్ ఎస్‌ఎంపీఎస్’ అని కాకుండా కంపెనీ, మోడల్ పేరుతో సహా రాయించుకోవాలి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వద్దనాలి. ఆ తగ్గింపు వారంటీని తినేస్తుంది.

... మళ్లీ ఆ డైనింగ్ టేబుల్ దగ్గరికే వస్తే, సాయంత్రానికి ఆ కాగితం వెనకవైపు కొత్త లెక్క తయారైంది. రాసింది అక్క, చెప్పింది తమ్ముడు, తూనికలు వేసింది నాన్న. 30 వేల ప్రాసెసర్ స్థానంలో దానికి సగం ధరది. లైట్ల క్యాబినెట్ పోయి జాలీది. మిగిలిన డబ్బులో కొంత గ్రాఫిక్ కార్డుకీ నికరమైన ఎస్‌ఎంపీఎస్‌కీ వెళ్లింది. కింద రెండు వరుసలు కొత్తగా చేరాయి. 24 అంగుళాల మానిటర్లు రెండు... ఒకటి వేగమైనది, ఇంకొకటి మామూలుది. మొత్తం తొంభై వేలు దాటలేదు.

‘‘పగలు అక్కవి, సాయంత్రం ఏడు నుంచి నీవి. పదింటికి మీట కట్టేయాలి’’ అంది అమ్మ.

‘‘పదిన్నర!’’ అన్నాడు వాడు.

గ్రాఫిక్ కార్డు ధర దగ్గర ఒక్క రూపాయి బేరమాడని నాన్న, ఈ అరగంట దగ్గర మాత్రం గట్టిగా నిలబడ్డాడు.

కొనేముందు ఓసారి...

* ఏ ఆటలు, ఎన్ని తెరలు, ఏ రకం తెర... ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే ధరలు అడగాలి.

* కొటేషన్‌లో మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్, విండోస్ లైసెన్సు ఉన్నాయో లేవో చూడాలి.

* కార్డు వెనక ఎన్ని పోర్టులున్నాయో, మానిటర్లకు ఏవి కావాలో సరిచూసుకోవాలి. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో కూడా.

* మదర్‌బోర్డు డీడీఆర్4 రకమా, డీడీఆర్5 రకమా తెలుసుకోవాలి. ఒకదాని ర్యామ్ మరొకదానికి సరిపోదు.

* బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరూ వేయించుకోవాలి. వారంటీ పూర్తయ్యేదాకా అట్టపెట్టెలు పారేయకూడదు.

* మానిటర్‌ని దుకాణంలోనే వెలిగించి, పూర్తి తెలుపు, పూర్తి నలుపు బొమ్మలు పెట్టి చుక్కలేమైనా చచ్చిపోయి ఉన్నాయేమో చూడాలి.

* ఇంటికి తెచ్చాక డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ మార్చుకోవాలి. 144 హెర్జ్ తెర కొని, తెలియక ఏళ్ల తరబడి 60లోనే వాడేవాళ్లు ఉన్నారు!